దయ్యం ఏం తినింది?

రొద్దం ఊరి ఆదెమ్మకు లోకంలోని నవలలన్నిటి మీదా ఉన్నది ఒకే ఒక్క అభిప్రాయం. అందులోని మనుషులు అన్నం తిన్నారా లేదా అన్నదే. హత్యల నవలైనా, దయ్యాల నవలైనా, రెక్కల గుర్రమెక్కి లోకాలు దాటే నవలైనా సరే, తిండి ఉంటే మంచి నవల. లేకపోతే ఆ రచయితకు మూడినట్టే.

ఆమె చదివేది ఫోన్లో, సీరియల్ నవలలు వచ్చే ఒక యాప్‌లో. మధ్యాహ్నం ఇంటి పనులూ చేని పనులూ ఒక దారికి తెచ్చి, వసారాలో మంచం వాల్చుకుని కళ్ళజోడు పెట్టుకుందంటే, భర్త రామాంజనేయులు కూడా కాఫీ అడగడానికి జంకుతాడు. చదివిన తర్వాత అభిప్రాయం చెప్పక మానదు. వేళ్ళతో రాసే ఓపిక లేదు కాబట్టి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది, అది రాసుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆమె రచయితకు చెప్పేదీ, పక్కనున్నవాళ్ళకు చెప్పేదీ ఫోనుకు తేడా తెలియదు. రెండూ కలిపి రాసి పారేస్తుంది.

ఒకాయన రాకుమారుడి చేత ఏడు కొండలు దాటించి, మాయా ఖడ్గం సంపాదించి పెట్టాడు. దాని కింద ఆదెమ్మ అభిప్రాయం ఇలా అచ్చయింది: "ఏడు కొండలు దాటినాడు గానీ సంకలో సద్దిమూట లేదు గుర్రమన్నా గడ్డి మేసింది వీడు అదీ లేదు కత్తి దొరికితే కడుపు నిండుతాదా ఏయ్ చంద్రా ఎనుములు చేన్లో పడినాయి చూడు".

ఆ రచయిత చంద్ర అంటే ఎవరో తెలియక, తన నవలలో గేదెలెక్కడున్నాయో వెతుక్కున్నాడట.

పాడుపడిన బంగళాలో తలుపులు దబదబా బాదే దయ్యం గురించి ఇంకొకరు రాస్తే, "ఇన్నేండ్లు ఎవురూ లేని ఇంట్లో ఏం తిని దానికి అంత బలం వచ్చింది" అని అడిగింది. జనం వణికిపోవలసిన చోట, అభిప్రాయాల నిండా దయ్యానికి ఏం పెట్టాలన్న చర్చ మొదలై, చివరికి ఎవరో ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసే విధానం కూడా రాశారు.

హంతకుణ్ణి పట్టడానికీ ఆమెకు అదే సూత్రం. "శవం లేవకముందే రెండు కప్పులు కాఫీ తాగినాడు వాడే చంపింటాడు బాధ ఉండేటోనికి గొంతు దిగదు" అని నవల సగంలోనే తేల్చేసింది. నిజంగానే వాడే. ఆ రచయిత ఆ తర్వాత ఎవరికీ కాఫీ ఇవ్వలేదు.

ఇంతమందిని ఏడిపించిన ఆదెమ్మ ఒక్కడికి మాత్రం మొదట్లోనే అయిదుకు అయిదు చుక్కలూ ఇచ్చేసింది. కలం పేరు నిశీధి. అసలు పేరు ప్రవీణ్, బత్తలపల్లి కుర్రాడు. హిందూపురంలో ఒక కంపెనీలో పనిచేస్తూ సాయంత్రాలు రాసుకునేవాడు. అతని మొదటి నవలలో పెనుకొండ కొండ దిగివచ్చిన దయ్యం, మనిషి వేషంలో బస్టాండు దగ్గర ఆగి ఉగ్గాని, బజ్జీలు తిని గానీ పగ తీర్చుకోదు. ఆదెమ్మ మురిసిపోయింది. "దయ్యమంటే ఇట్లుండల్ల" అని మెచ్చుకుంది. ప్రవీణ్ ఆ మాటను ఫోటో తీసి దాచుకున్నాడు.

రెండో నవల డిటెక్టివ్ కథ. ధర్మవరం పట్టుచీరల వీధుల్లో హంతకుడి వెంట తిరిగే వీరభద్ర దాని హీరో. మొదటి భాగాల్లో వీరభద్ర సంగటి తిన్నాడు, చిత్రాన్నం తిన్నాడు, అనుమానితుడి ఇంట్లో పాయసం కూడా తిన్నాడు. తర్వాత ఏమైందో, తినడం మానేశాడు.

"వీరభద్ర ఈ పొద్దు గూడా తినలే" అని ఆదెమ్మ మొదలుపెట్టింది. మరుసటి భాగానికి, "మనిషికి తిరగను ఓపిక యాడిదప్పా". ఆ మరుసటి భాగానికి, "హంతకుడు దొరికేలోపల వీడు పోతాడు ఏమయ్యా ఆ మోటరు ఆపేసి రా".

ప్రవీణ్‌కు ఒళ్ళు మండింది. "అమ్మా, ఇది క్రైమ్ నవల. వంటల పుస్తకం కాదు" అని జవాబు రాశాడు.

"నేను గూడా క్రైమ్ గురించే చెప్తాండా నాయనా పొద్దున్నించి మెతుకు పెట్టకుండా తిప్పుతాండావే అంతకంటే పెద్ద నేరం ఏముండాది".

చదివినవాళ్ళంతా నవ్వారు. ప్రవీణ్ నవ్వలేదు. అతని కంపెనీ మూతపడి చాలా రోజులైంది. ఇంకో పని దొరకలేదు. బన్నూ టీతో రోజు వెళ్ళదీస్తున్నాడు. ఇంట్లో చెబితే, ఈ రాతలు కట్టిపెట్టి వచ్చేయమంటారని భయం. ఆ నవల ఒక్కటే అతనికి మిగిలింది. దాన్ని కూడా ఈమె బతకనివ్వడం లేదని కుమిలిపోయి, ఇక రాయనే కూడదనుకున్నాడు.

మూడు రోజులు భాగం రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు.

"నిశీధి అంటే నువ్వేనా?"

ఆ పేరుతో తనను ఒక మనిషి నోరారా పిలవడం అదే మొదలు. ప్రవీణ్ తడబడ్డాడు. "నేనే. మీరు?"

"రొద్దం ఆదెమ్మను."

ప్రవీణ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అభిప్రాయం మీద తగాదాకు బస్సెక్కి వచ్చే పాఠకులుంటారని అతనికి తెలియదు. "కోపంలో రాసినానమ్మా. ఆ మాట తీసేస్తా."

"తీయాకు, బాగుండాది. పక్కకు జరుగు." చేతిలోని క్యారియర్ కింద పెట్టి, చుట్టూ చూసి చాప మీద కూర్చుంది.

"నా గది మీకెట్ల తెలిసింది?"

"నీ వీరభద్ర గది కింద పంచర్ల అంగడి, పక్కన నూనె గానుగ, మెట్లల్లో ఒకటి ఊడిపోయింటాది. నీది హిందూపురమని పేరు కిందనే రాసుకున్యావు. గానుగ యాడని అడిగితే చూపించినారు. ఆ మెట్టు గూడా ఊడిపోయే ఉండాది. ఇంత కల్పన లేకుండా రాస్తే ఎట్లబ్బా?"

ప్రవీణ్‌కు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆమె గిన్నె మూత తీసింది. సంగటి, వేరుశనగ చెట్నీ. "తిను."

"నేను తిన్యానమ్మా."

"ఏం తిన్యావు?"

కథలల్లడం వచ్చినవాడే గానీ ఆ ఒక్క ప్రశ్నకు ఏ కల్పనా తట్టలేదు.

"వీరభద్ర టీకొట్టు ముందర నిలబడి, జేబులో చెయ్యి పెట్టి, ఊరికే తీసేసి పోయినాడని రాసినావు చూడు," అంది ఆదెమ్మ, గొంతు తగ్గించి. "అది ఊహించి రాసే మాట కాదు నాయనా. ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగలే. అందుకే దినామూ అడుగుతాంటి. నువ్వేమో వీరభద్రను అడుగుతాండా అనుకున్యావు."

ప్రవీణ్ తలొంచుకుని ముద్ద తుంచాడు. రెండో ముద్ద అడగకుండానే తీసుకున్నాడు. ఆమె కడదాకా చూసి అడిగింది: "మీ ఇంట్లో తెలుసా?"

"తెలీదు పెద్దమ్మా."

"చెయ్యి కడుక్కోని ఫోన్ చెయ్యి. నాకు గూడా వినిపించల్ల."

బత్తలపల్లిలో అతని నాయన గంగాధరప్ప ఫోనెత్తాడు. పని పోయిందని చెప్పడానికి ప్రవీణ్ ఒక భాగమంత ఉపోద్ఘాతం చెప్పాడు.

"ఇంతేనా? నేనింకేమో అనుకున్యా. ఇంకో పని చూసుకో. దొరికేదాకా నేను లేనా? రాసేది మాత్రం ఆపాకు. ఆ డిటెక్టివు ఏమయినాడని మీయమ్మ నా పానం తీస్తాండాది. సరే గానీ, అన్నం తిన్యావా?"

ఆదెమ్మ చాప మీద నిటారుగా కూర్చుంది. "మీ నాయన నవలలు చదవల్సిన మనిషప్పా," అంది. ప్రవీణ్ గుండెల మీది బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఎన్నో రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రమే కొత్త భాగం వచ్చింది. వీరభద్ర ఒక ముసలమ్మ ఇంట్లో సంగటి తిని, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా హంతకుణ్ణి పట్టుకున్నాడు. దాని కింద అభిప్రాయం కూడా వెంటనే పడింది.

"ఇప్పుడు బాగుండాది అయిదు చుక్కలు గానీ ముసలమ్మ అని రాయాల్సింది కాదు ఏమయ్యా శుక్రవారం హిందూపురం పోతావే ఆ పిల్లోనికి చెట్నీ డబ్బా ఇచ్చి రా నేను పంపినానని చెప్పాకు సిగ్గుపడతాడు తిన్యాడో లేదో చూసి రా".

లోకమంతా చదివింది. ప్రవీణ్ కూడా చదివాడు.

శుక్రవారం రామాంజనేయులు ఊడిపోయిన మెట్టు జాగ్రత్తగా దాటుకుని పైకి వచ్చాడు. ప్రవీణ్ ఏమీ తెలియనట్టు తలుపు తీశాడు. ఎవరూ అడగకముందే ఆయన డబ్బా చేతిలో పెట్టాడు.

"ఇది మా ఆదెమ్మ పంపలేదు," అని చెప్పి చాప మీద కూర్చున్నాడు. "తొందరగా తినప్పా. నేను చూసి పోవల్ల."