మధ్య స్తంభం లేని కారు

ఆ శనివారం ఉదయం పదకొండు గంటలకు సింగపూర్‌లో కార్ల ప్రదర్శన హాల్లో మేం నలుగురం: నేను, నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ సుధీర్, అతను అద్దెకుండే ఫ్లాట్ యజమాని సింహాద్రి అంకుల్, ఆయన భార్య రమణమ్మ ఆంటీ. మా ఎదుట యూరప్ కంపెనీల కాన్సెప్ట్ కార్లు, అంటే ప్రదర్శన కోసం చేసిన నమూనాలు, నాలుగు: జర్మన్ సెడాన్, ఫ్రెంచ్ బుల్లి కారు, ఇటాలియన్ స్పోర్ట్స్ కారు, స్వీడన్ నుంచి వచ్చిన ఎత్తైన కుటుంబ కారు. మా దగ్గర ఉన్నవి: ఆంటీ చేతికర్ర, అంకుల్ టిష్యూ ప్యాకెట్, నా జేబులో మూడు మీటర్ల టేపు.

నేను హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో కారు తలుపులు గీస్తాను. తలుపంటే పైకి కనిపించే రేకు కాదు; కీలు, గడియ, రబ్బరు, అద్దం దిగే దారి. కాన్సెప్ట్ కార్లను ఫొటోల్లో చూస్తే ఇవేవీ కనిపించవు. దగ్గరికెళ్లి చూడాలని నాలుగు రోజులు సెలవు పెట్టాను.

గురువారం రాత్రి హైదరాబాద్‌లో విమానం ఎక్కి శుక్రవారం ఉదయం ఏడింటికి సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాను. రానూ పోనూ టిక్కెట్ ఇరవై ఆరు వేలు. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: టాక్సీ అక్కర్లేదు. విమానాశ్రయం లోంచే రైలుంది. తానా మేరాలో ఒకసారి, సిటీ హాల్‌లో ఒకసారి మారితే ఉత్తరాన యీషున్ వస్తుంది. గంటన్నర ప్రయాణం, మూడు డాలర్లలోపు ఖర్చు. బ్యాంకు కార్డునే గేటు మీద ఆనిస్తే చాలు.

స్టేషన్ బయట సుధీర్ నిలబడి ఉన్నాడు. వాడిది వరంగల్. ఇక్కడ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని.

"ముందే చెప్తున్న, అంకుల్ నిన్ను వదలడు," అన్నాడు నా సంచీ అందుకుంటూ. "తలుపుల ఇంజినీర్ వస్తుండని బ్లాకంతా చెప్పిండు."

"నాతో ఏం పని?"

"ఆయననే అడుగు. నన్ను ఇరికించకు."

అంకుల్, ఆంటీ ఇద్దరూ మలేసియాలో పుట్టిన తెలుగువాళ్లు. అంకుల్ తాతగారు విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చారట. అంకుల్ యవ్వనంలోనే సింగపూర్ వచ్చి, ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. వాళ్ల ఫ్లాట్‌లోనే ఒక గది సుధీర్‌ది; నేనూ అక్కడే దిగాను. వాళ్ల తెలుగులో మా అమ్మమ్మ మాటలు వినిపించాయి, మధ్యలో మలయ్ ముక్కలతో.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అంకుల్ ఫోన్ తీసి చూపించారు. తెర మీద ఆ జర్మన్ సెడాన్. ముందు తలుపు ముందుకు, వెనక తలుపు వెనక్కు, బీరువా తలుపుల్లా తెరిచి ఉన్నాయి. రెంటి మధ్య ఉండాల్సిన స్తంభం లేదు. ముందు సీటు బయటికి తిరిగి ఉంది.

"సూసావా బాబూ? మీ ఆంటీ కోసమే సేసినట్టుంది. నిలబడి ఎనక్కి కూకుంటే సాలు, సీటే తిప్పి లోపలెట్టేస్తాది."

ఆంటీకి కిందటేడు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఆవిడ అక్క కాజ్‌వే వంతెనకు అవతల, మలేసియా వైపు జోహోర్‌లో ఉంటుంది; మంచం మీద మనిషి. ఆంటీ ప్రతి శనివారం వెళ్లి ఆవిడకు తల దువ్వి, అన్నం తినిపించి వస్తుంది. బస్సులో వెళ్తే రెండు దేశాల చెక్‌పోస్టుల దగ్గరా దిగి, మెట్లెక్కి, మళ్లీ బస్సెక్కాలి. అది ఆంటీ వల్ల కాదు. కారుంటేనే వెళ్లడం.

ఆ కారుకే గడువు వచ్చింది. సింగపూర్‌లో కారు కొంటే సరిపోదు, పదేళ్లు నడుపుకునే హక్కుపత్రం వేరే కొనాలి. అది చాలాసార్లు కారు కంటే ఖరీదు. అంకుల్ పత్రం వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఆయన స్తోమతకు రెండే దార్లు: మరో ఐదేళ్లకు డబ్బు కట్టడం, లేదా కారును తుక్కుకు పంపడం. అంకుల్ తుక్కుకు పంపేద్దామంటున్నారు. కట్టాల్సిన డబ్బు దాచి, ఆ జర్మన్ కారు అమ్మకానికి వచ్చేదాకా ఆగాలని ఆయన ఆలోచన.

"ఒక్క ఏడాదే కదా," అన్నారు.

"ఏడాదని ఎవుడు సెప్పాడు మీకు?" ఆంటీ పెరుగు వడ్డిస్తూ అడిగింది. "మా అప్ప ఏడాదుంటాదని రాసిచ్చిందా?"

అంకుల్ నా వైపు తిరిగారు. "నువ్వు సూసి సెప్పు. వస్తాది అంటే ఆగుతాం. రాదంటే సోమవారం డబ్బు కట్టేస్తాను. నీ మాటే ఫైనల్."

నేను పెరుగన్నం కలపడం మొదలెట్టాను. సుధీర్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

శనివారం తొమ్మిదిన్నరకు బ్లాక్ కింద హాకర్ సెంటర్‌లో టిఫిన్. వరసగా చిన్న చిన్న భోజనం కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. అంకుల్ ముందుగా ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆ తర్వాత లైన్లో నిలబడ్డారు. దీన్నే ఇక్కడ చోప్ అంటారు. టిష్యూ ప్యాకెట్ ఉన్న చోటు మరొకరిది. అక్కడ ఎవరూ కూర్చోరు. కొత్తవాళ్లు గుర్తుంచుకోవాలి. ఇద్దరికి పరోటా, టీ కలిపి ఎనిమిది డాలర్లు.

తర్వాత ఆంటీ కారెక్కడం చూశాను. పాత జపాన్ కారు. అంకుల్ సీటును చివరిదాకా వెనక్కి జరిపి, దాని మీద సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచి పరిచారు. ఆంటీ కారుకు వీపు పెట్టి నిలబడి, నెమ్మదిగా కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిరిగింది. సంచి జారుడుకి ఒళ్లంతా ఒక్కసారే తిరిగింది.

"ఆస్పత్రిలో నేర్పారు," అంది. "సంచి మటుకు మనవే తెచ్చుకోవాల."

హాలు విమానాశ్రయం దగ్గర. యీషున్ నుంచి కారులో అరగంట. టిక్కెట్ మనిషికి పన్నెండు డాలర్లు, వయసు మళ్లినవాళ్లకు సగం.

అంకుల్ సూటిగా జర్మన్ కారు దగ్గరికి నడిచారు. చిన్న వేదిక, చుట్టూ మోకాలెత్తు తాడు. తలుపులు తెరిచే ఉన్నాయి. కొన్ని నిమిషాలకోసారి సీటు దానంతటదే బయటికి తిరుగుతోంది. జనం ఫోన్లెత్తి నిలబడ్డారు. ఆంటీకి నిలబడే ఓపిక తక్కువని అంకుల్‌కు తొందర. సీటు తమ వైపు తిరగ్గానే తాడు మీదుగా వంగి, టిష్యూ ప్యాకెట్ దాని మీద పెట్టేశారు.

"ఇదేంది అంకుల్, కారునే చోప్ చేసినవ్?" సుధీర్ నోరు మూసుకుని నవ్వాడు.

"తరవాత వంతు మీ ఆంటీది. సీటు ఎవుడూ ఎక్కేయకుండా."

తెల్ల గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి పరుగున వచ్చింది. "అంకుల్, దిస్ వన్ క్యానాట్ చోప్ లా!" అని, ప్యాకెట్‌ను రెండు వేళ్లతో ఎత్తి ఆయనకే ఇచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు గాని, చెవులు ఎర్రబడ్డాయి.

ఆంటీ మాత్రం కర్ర మీద ఆనుకుని, ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అడిగింది, మనిషి కూర్చుంటే కూడా ఈ సీటు తిరుగుతుందా అని.

"ఎవరూ కూర్చోరు ఆంటీ," అంది ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లోనే. "బరువు పెట్టకూడదు. ఇది చూడ్డానికే."

ఆ మాట నాకు పనికొచ్చింది. వేదిక చుట్టూ రెండుసార్లు తిరిగాను. తలుపు అంచున వానను ఆపే రబ్బరు లేదు. అద్దం కిందికి దిగడానికి తలుపులో చోటు లేదు. గడియ పట్టుకోవడానికి నేల వైపు గాని, పైకప్పు వైపు గాని కొక్కెం లేదు. రెండు తలుపులూ మూసినా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడమే. మధ్య స్తంభం ఊరికే ఉండేది కాదు. పక్కనుంచి మరో బండి గుద్దితే ముందు ఆపేది అదే. ముందు సీటు బెల్టు వేలాడేది కూడా దానికే. స్తంభం తీసేస్తే బెల్టును సీటులోకి మార్చాలి, సీటును బలంగా చెయ్యాలి, బలమైన ఆ సీటును మళ్లీ తిప్పాలి. అసాధ్యం కాదు. కానీ ఆ పని మొదలైన గుర్తు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. సీటుకు బెల్టే లేదు.

అంకుల్ నా మొహం చూస్తున్నారు. "మిగతావి కూడా చూసి చెప్తాను," అన్నాను.

ఇటాలియన్ కారు తలుపులు పైకి లేస్తాయి. లోపల అన్నీ అతికించిన బొమ్మలు. ఫ్రెంచ్ కారు నాకు నచ్చింది: ఎడమ ముందు తలుపు, కుడి వెనక తలుపు ఒకటే అచ్చు. ఫ్యాక్టరీకి ఆదా. కారు రాకపోయినా ఆ ఆలోచన ఎక్కడో వస్తుంది.

స్వీడన్ కారు దగ్గర జనం లేరు. బూడిద రంగు, నిలువుగా ఉన్న వెనక భాగం, పక్కకు జరిగే వెనక తలుపు. నేను అక్కడ అరగంట ఉన్నాను. వైపర్లు నిజమైనవి. తలుపు చుట్టూ రెండు వరసల రబ్బరు. టైర్లు బజారులో దొరికే సైజు. లాగుడు కొక్కేనికి బంపర్లో మూత. వైపర్ ఇరుసుకు రెండో పక్క కూడా రంధ్రం చేసి మూశారు; సింగపూర్ లాంటి చోట్ల నడిచే కుడి వైపు స్టీరింగ్ బండి కోసమే అయ్యుంటుంది. అక్కడి మనిషిని అడిగి సీటు ఎత్తు కొలిచాను. నేల నుంచి అరవై రెండు సెంటీమీటర్లు. అంకుల్ కారుది పొద్దున్నే కొలిచాను, నలభై ఎనిమిది.

"వచ్చే ఏడాది చివర యూరప్‌లో," అన్నాడు ఆ మనిషి. "ఇక్కడికి ఎప్పుడో తెలీదు."

మూలన బెంచీ మీద ఆంటీ కూర్చుని ఉంది. అంకుల్ నిలబడే ఉన్నారు. ఆయన ఇంట్లోనే పడుకున్నాను, ఆయన తిండే తిన్నాను. ఆయనకు కావలసిన మాట ఏమిటో కూడా తెలుసు.

"అంకుల్, ఆ తలుపు రాదు," అన్నాను. "కారు వస్తే రావచ్చు. మధ్యలో స్తంభంతో, మామూలు తలుపులతో వస్తుంది. సీటు తిరగదు."

"నువ్వు ఫొటోలో సూసినపుడు అలగనలేదు."

"ఫొటోలో రబ్బరు కనిపించదు అంకుల్."

ఆయన టిష్యూ ప్యాకెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "కాఫీ షాపులో అందరికీ సెప్పేసాను," అన్నారు. "మరి ఆ బూడిదరంగు పెట్టె?"

"అది వస్తుంది. ఎత్తుగా ఉంది, ఆంటీకి సుఖం. కానీ దానికోసం ఇప్పుడు కారు వదలకండి."

"ఐదేళ్లకి కడితే మళ్లీ పొడిగించనివ్వరు. ఐదేళ్ల తరవాత ఇది తుక్కే."

"అప్పటికి ఆ పెట్టె వచ్చి ఉంటుంది."

"అందంగా లేదు," అన్నారు అంకుల్.

"మీరెక్కడున్నారు అందంగా?" ఆంటీ కర్ర అందుకుని లేచింది. "పదండి, మా అప్ప ఎదురుసూస్తాది."

రెండింటికి బయల్దేరాం. నన్నూ సుధీర్‌నీ వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ దగ్గర దింపారు. దారంతా అంకుల్ మాట్లాడలేదు. దిగేటప్పుడు ఆంటీ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "ఆయన రెండ్రోజులు అలగే ఉంటాడు. నువ్వేం అనుకోకు," అంది. కారు వంతెన మీది బారులోకి వెళ్లింది. కాసేపటికి అందులో ఏది వాళ్లదో గుర్తుపట్టలేకపోయాం.

"తిట్టుకుంటున్నారంటావా?" అన్నాను.

"తిట్టుకోనీ," అన్నాడు సుధీర్. "అబద్ధం చెప్తే ఆంటీ ఈడనే ఆగిపోయేది."

ఆదివారం సుధీర్‌తో జురాంగ్ వెస్ట్ వెళ్లి వాడి ఆఫీసు స్నేహితుల ఇంట్లో భోజనం చేశాను. అంకుల్ రాత్రి గుడ్ నైట్ చెప్పారు, అంతే.

సోమవారం నాలుగు గంటలకు చాంగీలో బోర్డింగ్ దగ్గర కూర్చున్నాను. పక్క సీట్లో కాకినాడ పెద్దాయన, కూతురింటి నుంచి తిరిగెళ్తున్నారు.

"ఏం కొన్నావు బాబూ?" అన్నారు.

"ఏమీ లేదండి. కార్లు చూశాను."

"మంచి పని. చూడ్డానికి పన్ను లేదు."

అప్పుడే ఫోన్ మోగింది. అంకుల్ పంపిన ఫొటో: కారు ముందు సీటు, దాని మీద మడత విప్పిన కొత్త ప్లాస్టిక్ సంచి. కింద ఇంగ్లిష్‌లో రెండే మాటలు: ఐదేళ్లు, కట్టేశాను. ఫోన్ తెర మీది జర్మన్ కారు బొమ్మను మాత్రం ఆయన మార్చలేదని సుధీర్ తర్వాత చెప్పాడు.

విమానంలో మా ఆఫీసు కోసం నోట్ రాశాను. మొత్తం మీద నా అభిప్రాయం ఇది: జనం గుమిగూడిన కారు రోడ్డెక్కదు, ఖాళీగా ఉన్న వేదిక మీదిది ఎక్కుతుంది. సింగపూర్ వెళ్లి చూడదగ్గ కార్లే అన్నీ. వెళ్లేవాళ్లు రబ్బరు, బెల్టు, గడియ చూడండి.

హాల్లో చూసిన కార్లు నాలుగు. ఆ శనివారం ఆంటీ ఎక్కిన కారు ఒకటి.