గీకేసిన పేర్లు

2005లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ముంబై హైవే మీంచి లోపలికి తిరిగే ఒక సందులోని చిన్న ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేరాను. మందుల కంపెనీల కోల్డ్ రూముల్లో గోడకు బిగించే టెంపరేచర్ రికార్డర్లు మేం తయారు చేసేవాళ్లం. చల్లదనం తగ్గితే మోగి, ఎప్పుడు ఎంత తగ్గిందో గుర్తుపెట్టుకునే డబ్బా అది. దాని లోపల అరచేయంత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. ఆ కంప్యూటర్ చేత పని చేయించడం నా ఉద్యోగం.

ఫ్యాక్టరీ మొత్తంలో సాఫ్ట్‌వేర్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పులు విడిచి రావాల్సిన గదులు అక్కడ రెండే ఉండేవి, ఒకటి పూజ గది, రెండోది నాది. కంప్యూటర్ మీద దుమ్ము పడకూడదని ఏసీ పెట్టి, తలుపు మూసి, నన్ను లోపల కూర్చోబెట్టారు. దేవుడి దగ్గరికైనా పొద్దున్నే అగరుబత్తి ముట్టించడానికి ఎవరో ఒకరు వెళ్లేవారు, నా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. బీరంగూడలో నా కిరాయి గదికి వెళ్లినా అంతే. రోజు మొత్తానికి నలుగురితో కలిసి నవ్వేది మధ్యాహ్నం అన్నాల వేళ. అసెంబ్లీ లైన్ ఆడవాళ్లు షెడ్డు వెనక గుండ్రంగా కూర్చుని టిఫిన్లు విప్పేవారు. వాళ్లలో పెద్దదైన సత్తెమ్మ నేను చేరిన కొత్తలోనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ తెచ్చే పుంటికూర తొక్కు కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూసేదాన్ని.

సత్తెమ్మ చేసే పని గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కణ్నుంచే వచ్చింది. బోర్డు మీది ఐసీలకు, అంటే నల్లటి చిప్పులకు, పైన నంబరు ఉంటుంది. ఆ నంబరు చూస్తే పక్క షెడ్డువాడు అవే చిప్పులు కొని మన డబ్బాను అచ్చంగా దింపేస్తాడు. అందుకని ఎమరీ కాగితంతో నంబరు గీకేయడం మా వాడలో చిన్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు అలవాటు. సత్తెమ్మ గీకాక చూస్తే ఆ చిప్పు నున్నగానే పుట్టిందేమో అనిపించేది.

మా యజమాని నర్సింహారెడ్డి సార్ ఇంద్రేశంలో పొలం అమ్మి ఆ ఫ్యాక్టరీ పెట్టారు. చిప్పుల అలవాటునే ఆయన సాఫ్ట్‌వేర్‌కూ పట్టించారు. మా డబ్బాలో ఉన్నది చాలావరకు ఓపెన్ సోర్స్ కోడ్. ఏయే దేశాల్లోనో ఎవరెవరో రాసి, అందరూ వాడుకోండని బయట పెట్టిన ప్రోగ్రాములు అవి. ఊరికే ఇచ్చినా వాటికి లైసెన్స్ ఉంటుంది. మేం వాడినవాటికి ముఖ్యంగా రెండు షరతులు. రాసినవాళ్ల పేరు తీయకూడదు. డబ్బా కొన్నవాళ్లు అడిగితే సోర్స్ కోడ్, అంటే మనిషి చదవగలిగే అసలు రాత, ఇవ్వాలి. నాకు ముందు పనిచేసినతను సార్ మాట ప్రకారం ప్రతి ఫైల్లోనూ పేర్లు, లైసెన్స్ తీసేసి, మా కంపెనీ పేరు పెట్టి, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది విదేశం నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. దాన్ని నమ్ముకుని లైన్లోకి కొత్తవాళ్లను కూడా తీసుకున్నారు. అంతలో శాంపిల్ డబ్బాను అక్కడి ఇంజనీర్లు పరీక్షిస్తుంటే తెర మీద ఒక వింత వాక్యం కనిపించిందట: "నువ్విక్కడికి రాకూడదే, ఎలా వచ్చావు?" ఎన్నటికీ జరగదనుకున్న తప్పు జరిగితే కనపడేలా ఒక ప్రోగ్రామరు సరదాకి రాసుకున్న మాట అది. పేర్లు తీసినతని కంట అది పడలేదు. ఆ ఇంజనీర్లలో ఒకాయనకు ఆ ప్రోగ్రామరు తెలుసు, మాట ఎవరిదో గుర్తుపట్టి అతనికి చెప్పాడు. ఇంకేముంది, ప్రోగ్రామరు నుంచి మాకు ఈమెయిల్ వచ్చింది, పేర్లు తిరిగి పెట్టి సోర్స్ కోడ్ ఇవ్వమని. ఈ తగాదా తేలేదాకా ఆర్డరు ఆపేస్తున్నామని కొనేవాళ్లూ రాశారు.

సార్ ఆ ప్రింటు పట్టుకుని చెప్పులతోనే నా గదిలోకి వచ్చారు.

"వాడెవడో దేశంగాని దేశంల కూసొని అడిగితే మన కోడ్ ఇయ్యాల్నా? ఫ్రీ అన్నరు గద?"

"పైసల్ లేకుంట ఇచ్చిండు సార్. పేరు తీసెయ్యమని ఇయ్యలే."

"పక్క షెడ్డోడు సూస్తే మన గతేంది? ఒక్క పని జెయ్ తల్లీ. గిదంత మేమే రాసుకున్నమని రాసి సంతకం పెట్టు. ఇంజనీర్ సంతకం ఉంటే నమ్ముతరు."

"గది అబద్ధం సార్. నేను పెట్ట."

ఆయన అరవలేదు. "నేను భూమి అమ్మిన తల్లీ," అని వెళ్లిపోయారు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మాట సాయంత్రానికి షెడ్డంతా పాకింది. మేడం కంపెనీ డిజైన్ బయటివాళ్లకు ఇచ్చేస్తోందట, ఆర్డరు పోతే లైన్ బందట. మర్నాడు అన్నాలకు వెళితే అందరూ దగ్గరదగ్గరగా జరిగి కూర్చున్నారు, నాకు చోటు లేదు. సత్తెమ్మ తల ఎత్తకుండానే అంది.

"మీకేంది మేడం, యాడికి వోయినా నౌకరి దొర్కుతది. గీ వయసుల మాకెవలిస్తరు?"

టిఫిన్ పట్టుకుని ఏసీ గదికి వచ్చేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఎవరూ రాని గదికి ఆ ఒక్క సౌకర్యం ఉంది.

తర్వాత ఆ లైసెన్స్ ముందేసుకుని కూర్చున్నాను. చదవగా చదవగా తోవ కనిపించింది. బయటివాళ్ల కోడ్, అందులో మేం చేసిన మార్పులు ఇవ్వాల్సిందే. అలారం ఎప్పుడు మోగాలో లెక్కగట్టే ప్రోగ్రాము మాత్రం మొదటి నుంచీ చివరిదాకా నేను రాసింది, విడిగా నడిచేది. అది ఇవ్వక్కర్లేదు. పక్క షెడ్డువాడికి కావాల్సిందీ అదే. సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"అంటే అసలు కీలకం మన తాన్నే ఉంటదా?"

"ఉంటది సార్. మిగతాది మందిది, మందికే ఇచ్చేద్దాం. సంతకం కావాల్నంటే దీనికి పెడ్త."

ఆయన సరేనన్నారు. ఇక అసలు ప్రోగ్రాములు ఒక్కొక్కటీ ఇంటర్నెట్లో వెతికి, ఏ ఫైలు ఎవరిదో చూసి, పేర్లు తిరిగి పెట్టడం మొదలుపెట్టాను. వారాలు పట్టింది. ఆ రోజుల్లో నాకు తోడు ఆ పేర్లే. నోరు తిరగని పేర్లు. కొన్నింటిని పైకి పలికి చూసేదాన్ని, సరిగ్గా పలికానో లేదో చెప్పే దిక్కు లేదు.

అన్నీ సర్ది ఆ ప్రోగ్రామరుకు పంపుతూ, కంపెనీ తరఫున క్షమాపణ రాశాను. ఎందుకో ఇంకో నాలుగు ముక్కలు కూడా చేర్చాను. మీ కోడ్ ఇక్కడ ఒక మందుల ఫ్యాక్టరీ కోల్డ్ రూములో ఆగకుండా నడుస్తోంది, బయట మాత్రం ఎండ మండిపోతోంది అని. తగాదా తీరిపోయిందని, కొనేవాళ్లకూ అదే చెప్పానని ఆయన జవాబిచ్చాడు. కింద ఇలా ఉంది: "ఏళ్ల తరబడి ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎక్కడ నడుస్తోందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ గది లోపల ఎలా ఉంటుంది?"

కోర్టుకు ఈడుస్తాడని మేం భయపడ్డ మనిషి అడిగింది అది. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఆర్డరు కదిలింది, లైన్ నిలబడింది. ఇక నుంచి ప్రతి డబ్బాతో కోడ్ రాసినవాళ్ల పేర్ల కాగితం పెట్టాలి. దాన్ని మడిచి పెట్టే పని సత్తెమ్మకే వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడ చెప్పులు బయట విడిచి, మొదటిసారి నా గదిలోకి వచ్చింది.

"గీ కాయితంల రాసినోళ్ల పేర్లున్నయట గద మేడం. మీదున్నదా?"

"లేదు సత్తెమ్మా. నేను రాసిందాని మీద కంపెనీ పేరే ఉంటది."

ఆవిడ ఎమరీ ధూళి అంటిన వేళ్లతో కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే మీది గూడ గీకేసిన్రన్నట్టు," అంది. కాగితం మడుస్తూ, "తినెతందుకు రాండ్రి," అంది.

వెళ్లాను. చోటిచ్చారు, తొక్కూ వేశారు. కానీ నేను కూర్చోగానే నవ్వులు తగ్గేవి. వాళ్ల కడుపు మీద కొట్టబోయినదాన్నని ఒకసారి అనుకున్నాక ఆ అనుమానం పూర్తిగా పోలేదు. నేను వాళ్లను తప్పుపట్టను. ఏడాది తిరిగేసరికి వేరే ఉద్యోగానికి మారిపోయాను.

లైసెన్స్ అంటే లాయర్ల వ్యవహారం అనుకునేదాన్ని. దాని వెనక ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి ఉంటాడని ఆ తగాదా చెప్పింది. అప్పట్నుంచి ఎవరి కోడ్ వాడినా ముందు వాళ్లకు నాలుగు ముక్కలు రాస్తాను, అది ఏ ఊళ్లో, ఏ యంత్రంలో, ఎలాంటి గదిలో నడవబోతోందో. ఏ లైసెన్స్‌లోనూ ఆ షరతు లేదు. చాలామంది జవాబివ్వరు, అయినా రాస్తాను. నేను రాసిన అలారం కూడా ఇప్పటికీ ఏదో ఒక కోల్డ్ రూములో మోగుతూనే ఉంటుంది. ఎక్కడ మోగుతోందో నాకింకా ఎవరూ రాయలేదు.