చేయించలేదని చెప్పాను

ఒక తల్లి తన బిడ్డ చేత రోజూ ముఖం వ్యాయామాలు చేయించింది. చేయించలేదని నేను చెప్పాను. ఏళ్లుగా నా గుండెల మీద కూర్చున్న బండ ఇంతే, ఈ రెండు వాక్యాలే. కానీ ఇవాళ్టికీ నా క్లినిక్‌లో ఏ తల్లయినా "రోజు చేపిస్తున్న మేడం" అంటే చాలు, కుర్చీలో కూర్చోలేను. ఏదో పని ఉన్నట్టు లేచి కిటికీ దగ్గరికి పోతాను, నీళ్లు తాగుతాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. మేడంకు షుగర్ వచ్చిందని మా ఆయా అనుమానం. షుగరైనా బాగుండేది. దానికి మందన్నా ఉంటుంది.

నేను ఫిజియోథెరపిస్టును. నిర్మల్‌లో ఒక మెడికల్ షాపు పైన చిన్న క్లినిక్. పేరు చెప్పను, నా ధైర్యం అంతవరకే. కరీంనగర్‌లో చదువు ముగించి క్లినిక్ తెరిచిన కొత్తలో, మూతి వంకర పోయిన పిల్లలు వరసగా ఇద్దరు ముగ్గురు వచ్చారు. జ్వరం తర్వాతో చెవి నొప్పి తర్వాతో ముఖం నరం వాచి, సగం ముఖం కదలకుండా పోతుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. వాళ్లకూ తగ్గింది. పేరు మాత్రం నాకు వచ్చింది. పిల్లలతో బెలూన్లు ఊదించేదాన్ని కాబట్టి "బెలూన్ మేడం" అనేవారు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల ఎంత మురిసిపోయేదాన్నో నాకే తెలుసు.

సుజాత ఆ రోజుల్లోనే వచ్చింది, ఖానాపూర్ దగ్గరి పల్లె నుంచి, రెండో తరగతి చదివే కూతురు రమ్యను తీసుకుని. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. అత్త పసరు మందుకు పోదామంటే ఇంట్లో పోట్లాడి మరీ నా దగ్గరికి వచ్చానని మొదటి రోజే చెప్పింది. గొంతు లేపే మనిషి కాదు. ఆ పోట్లాట ఎలా పోట్లాడిందో నాకిప్పటికీ అర్థం కాదు. రమ్యకు కుడి వైపు పడిపోయింది. కన్ను మూతపడదు, నీళ్లు తాగితే పెదవి చివరి నుంచి కారిపోతాయి.

నేను చెప్పాల్సింది చెప్పాను. కాదు, నాకు తెలిసింది చెప్పాను. బెలూన్లు ఊదించు, బుగ్గలు పూరించమను, నవ్వమను, ఎంత గట్టిగా అయితే అంత గట్టిగా. వచ్చినప్పుడల్లా నేను మిషన్‌తో బుగ్గకు చిన్నగా కరెంటు పెట్టేదాన్ని. సుజాత నా మాటలో వెంట్రుకవాసి కూడా తగ్గించలేదు. బడికి పోయే ముందు చేయించేది, వచ్చాక చేయించేది. పిల్ల ఏడిస్తే తనూ పక్కన కూర్చుని ఊదేదట, ఇద్దరూ పోటీ పెట్టుకునేవారట. రమ్య ఎప్పుడు వచ్చినా బుగ్గలు కందిపోయి ఉండేవి. ఆ కందిన బుగ్గలు నేను చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చూశాను.

ముఖం కదిలింది. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. కానీ కొన్ని నెలలకు, రమ్య నవ్వితే కుడి కన్ను మూసుకుపోవడం మొదలైంది. ఊదినా కన్ను మూసుకుంటోంది, మాట్లాడినా మూసుకుంటోంది. ఫ్యాను స్విచ్చి వేస్తే లైటు కూడా వెలిగినట్టు. కరీంనగర్‌లో ఉన్న మా సీనియర్‌కు ఫోన్ చేస్తే నన్ను తిట్టింది. నరం మళ్లీ మొలిచేటప్పుడు దారి తప్పుతుందని, బలవంతంగా చేయించేకొద్దీ ఆ తప్పుదారే గట్టిపడుతుందని, బెలూన్లూ కరెంటూ వెంటనే ఆపేసి, అద్దం ముందు కూర్చోబెట్టి, కన్ను కదలనంత చిన్న నవ్వు మెల్లగా నేర్పమని చెప్పింది. ఇవన్నీ నేను ముందే చదువుకుని ఉండాల్సినవే.

ఆపమని సుజాతకు చెబుదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఆ అనుకోవడం కూడా తర్వాత నా సుఖం కోసం నేను కల్పించుకున్నదేమో. ఇప్పుడు నా మాట మీద నాకే నమ్మకం లేదు.

ఆ తర్వాత వాళ్లు వచ్చింది ఒక శుక్రవారం. సుజాతతో పాటు అత్త కూడా వచ్చింది. శుక్రవారం మస్కట్‌లో ఆమె కొడుక్కు సెలవు కాబట్టి వీడియో కాల్‌లో అతనూ ఉన్నాడు. కుర్చీల నిండా పిల్లలూ తల్లులూ. అత్త ఫోను నా వైపు తిప్పి పట్టుకుంది.

"మేడం, జర నిజం చెప్పు. పోరి నవ్వితే కన్ను గిట్ల మూస్కపోతుంది ఎందుకు? నా కొడుకు పరేషాన్ అయితుండు. గీమె ఇంట్ల చేపిస్తుందా, లేదా?"

నేను చెప్పిందే తప్పమ్మా, అంటే అయిపోయేది. మూడే మాటలు. కుర్చీల్లోని వాళ్లంతా నా నోటి వైపే చూస్తున్నారు.

"చేపియ్యాల్సినంత చేపియ్యలేదమ్మా," అన్నాను.

"రోజు చేపిచ్చిన మేడం," అంది సుజాత, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

"చేపిస్తే మొఖం మీద కనవడదా?" అన్నాను నేను.

ఫోనులోంచి భర్త గొంతు వచ్చింది. "నేను అప్పుడే అన్న. రేపటిసంది నువ్వే చేపియ్యి అవ్వా. గామెను నమ్ముకుంటే అయ్యేది కాదు."

"ఇంక గట్టిగ చేపియ్యాల్నా మేడం?" అని అత్త నన్ను అడిగింది.

నేను తల ఊపాను.

మాటయితే నోరు జారిందని సర్దుకోవచ్చు. తల అలా జారదు కదా. గట్టిగా చేయిస్తే ఆ పిల్ల ముఖం ఇంకా పాడవుతుందని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. తెలిసి ఊపాను. రమ్య తల్లి కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. పెద్దవాళ్లకు అనుమానాలుంటాయి గానీ ఆ పిల్లకు ఏ అనుమానమూ లేదు. ఊదింది తను, ఊదించింది వాళ్లమ్మ. నేను అబద్ధమాడుతున్నానని ఆ వయసులోనే దానికి స్పష్టంగా తెలుసు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నా మద్దెల ఒక మనిషి. అత్తనే అంటే ఆమె ఊరుకునేదా? నా క్లినిక్ మెట్ల మీద నిలబడి పసరు మందే నయమని అరిచేది. సుజాత అరవదని నాకు తెలుసు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. ఇంత చదువుకున్నదాన్ని, నాకూ అదే బుద్ధి పుట్టింది. అంతా నా వల్లే కాదని కూడా చాలాసార్లు చెప్పుకున్నాను. కొందరికి ఎంత మెల్లగా చేయించినా కన్ను అలా ముడిపడుతుంది, నిజమే. కానీ నేను ఒప్పుకుంటున్నది కన్ను గురించి కాదు, ఆ తల ఊపడం గురించి. వాళ్లు మళ్లీ రాలేదు. ఫోను నంబరు నా దగ్గర ఉంది. ఆపేయండి అని ఒక్క మాట చెబితే నా పేరు కూడా పోదు. అయినా చేయలేదు.

పోయిన ఎండాకాలం నిర్మల్ బస్టాండులో సుజాతే నన్ను గుర్తుపట్టింది. పక్కన రమ్య, పదో తరగతికి వచ్చిందట. మంచి పొడుగు. నాకు నమస్తే పెట్టి నవ్వబోయి, కుడి చెంప మీదికి చెయ్యి తెచ్చుకుంది. ఆ చెయ్యి ఎంత అలవాటుగా వచ్చిందంటే, తెచ్చుకున్నట్టు ఆ పిల్లకే తెలియదు. ఇప్పుడు అడుగుతుంది సుజాత, అందరి ముందూ అడుగుతుంది అనుకున్నాను. అడిగినా బాగుండేది.

"తప్పు నాదే మేడం," అంది. "నేను ఇంక జర మంచిగ చేపిస్తే నా బిడ్డ మొఖం మంచిగైతుండె. మీరు మస్తు కష్టపడ్డరు. మీ పేరు ఖరాబ్ చేసిన."

అన్నేళ్లు ఇంట్లో అందరూ అంటుంటే ఆమె నమ్మేసింది. తన చేతులతో, తన కళ్ల ముందు చేయించినదాన్ని చేయించలేదని నమ్మేసింది. నా నేరానికి నన్నే క్షమాపణ అడిగింది. నేనేం చేశానో తెలుసా?

"పోనియ్ సుజాతా, ఫికర్ చెయ్యకు," అన్నాను. పెద్దమనసుతో ఆమెను క్షమించాను.

ఖానాపూర్ బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కేశారు. ఇప్పటికైనా అద్దం ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పితే రమ్య ముఖం కొంతైనా సడలుతుంది. తీసుకురా అని చెప్పలేకపోయాను. తీసుకొస్తే బెలూన్లు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి, అప్పుడెందుకు ఇంకా గట్టిగా అని తల ఊపానో చెప్పాలి.

ఇదీ సంగతి. మీరు నాకేమీ కారు, అందుకే మీకు చెప్పగలిగాను. చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. అయినా రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. సుజాతకు మాత్రం ఇవాళ కూడా తప్పు తనదే.