తాళాలాయన చెప్పిన బేకరీ కథ

తాళాలాయన అనుమానం చూసి దొంగలే సిగ్గుపడేవారు. వెనక తన నీడ వస్తే ఆగి, ‘నువ్వు ముందు నడు’ అనే రకం.

అలాంటివాడికి ఆర్నెల్లుగా తిండి సయించదు, నిద్ర పట్టదు, మనసంతా మసి. పెద్దాసుపత్రికి వెళ్తే ఒకరోజు సంపాదన గోవిందా. అందుకని క్లినిక్ నర్సు, ఉచితంగా ఫోనులో చూసే మనసు డాక్టరమ్మ నంబరు రాసిచ్చింది.

“ఎవరు వింటారో ఏమో! పిచ్చోడనుకుంటే ఇంటి తాళం నా చేతికెవరిస్తారే?”

“నీ గుట్టు వినే ఓపిక గోడలక్కూడా లేదు. చెయ్యవయ్యా!” అంది భార్య.

చేశాడు. దుకాణం షట్టరు సగం దించి, ఫోను కెమెరాకు నల్లటేపు అంటించి, తనది బేకరీ అన్నాడు. మొదలెట్టాక ఆగితే ఆయనెందుకవుతాడు? రాత్రికి పదివేల రొట్టెలు, ఆ వాసనకు పక్క ఊరివాళ్లు నిద్రలో నడిచొస్తారట, తను కునుకు తీసేది తెల్లారాకేనట.

డాక్టరమ్మ నమ్మింది. “ఈ మాత్ర వేసుకుంటే మత్తుగా ఉంటుంది. పొద్దున పని ముగించి, పడుకునే ముందు వేసుకోండి. నర్సు ఇస్తుంది.”

ఆ ఒక్క మాటా తు.చ. తప్పకుండా పాటించాడు. పొద్దున్నే మింగి, తూలుతూ దుకాణం తెరిచాడు. వారం తిరక్కుండానే ఆయన చేసిన తాళంచెవులు ఏ తాళంలోనూ తిరగడం మానేశాయి.

“ఇది తాళంచెవా, పళ్లపుల్లా?” అని విసిరేసి, తాళంచెవి చేయించుకున్న బడి మాస్టారు ఎదురుగా ఉన్న ఇంకో తాళాల దుకాణానికి నడిచారు.

“చూశావటే! ఎదుటి దుకాణంవాడూ ఆ డాక్టరమ్మా కుమ్మక్కై నాకు మత్తు పెడుతున్నారు!”

భార్య మాత్రల కవరు చూసింది. “పొద్దున్నెందుకు మింగుతున్నావ్?”

నసుగుతూ బేకరీ సంగతి కక్కాడు.

“నీ మొహం! రొట్టె విరిస్తే సగం కింద పోస్తావ్, నీకు బేకరీయా?” ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టింది.

ఈసారి నిజం చెప్పాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. “సరే, ఇక రాత్రి పడుకునేటప్పుడే వేసుకోండి. ఇంకేమైనా అబద్ధాలున్నాయా?”

ఫోనులో అవతల ఇంకెవరైనా ఊపిరి పీలుస్తున్నారేమోనని చెవి రిక్కించాడు. పక్కనున్న భార్య ఊపిరి తప్ప ఏదీ వినపడలేదు.

“మొన్న, బతకాలని ఉందా అని అడిగారు కదమ్మా... ఉందన్నాను. అన్ని రోజులూ ఉండట్లేదు.”

భార్య లేచి షట్టరు పూర్తిగా దించింది. బయట ఎవరో తట్టారు.

“ఇవాళ తాళాలు లేవు” అని కేకేసి, ఆయన పక్కన కూర్చుంది. “చెప్పయ్యా. నేనూ వింటాను.”