ప్రహరీ లోపల నాలుగు గొర్రెపిల్లలు

కలిగిరి వైపు పల్లెల్లో ఎంఈఓ సుజన మేడం స్కూటీ మోత వినపడితే చాలు, అయ్యవార్లు కుర్చీల్లోంచి లేస్తారు. మండలంలోని సర్కారు బడులన్నిటికీ ఆమే అధికారి. వచ్చీ రాగానే ఆఫీసు గదిలోకి పోదు. చెప్పులు విడిచి, పిల్లల వరసలో బాసింపట్టు వేసుకొని కూర్చుంటుంది. హాజరు పట్టీ తెప్పించుకొని తానే పేర్లు పిలుస్తుంది. పలికిన ప్రతి మొహాన్నీ కళ్లజోడు పైనుంచి చూస్తుంది. ఒక పొద్దు ఓ పల్లె బడిలో నిరోష పేరుకు ఎవరూ పలకలేదు. "వాళ్ల గొర్రెలు ఈనినాయి మేడం, పిల్లలకు కాపలా ఉండాది. ఈ పొద్దే లెక్క పైకి పోవాల. పదిమందికి తగ్గితే బడి ఎత్తేస్తారు. హాజరు వేసేద్దాం" అని నసిగాడు హెడ్మాస్టరు మాలకొండయ్య. సుజన పట్టీ మూసింది. "లేని బిడ్డను ఉన్నట్టు రాయను. బడినీ పోనీయను" అని స్కూటీ ఎక్కింది.

చేలో మంద కాడ నిరోష తల్లి చెంచమ్మ అడ్డం తిరిగింది. "నేను మంద ఎనకాల పోతే ఈ కూనల్ని కుక్కలు బతకనిస్తాయా అమ్మా?" సుజన కూనల వంక చూసింది. "బడికి ప్రహరీ ఉండాది, గేటుండాది. వాటిని గూడా తోలకరా." గంటకల్లా నిరోష వరసలో కూర్చుంది, నాలుగు గొర్రెపిల్లలు కుళాయి పక్కన. మాలకొండయ్య గబగబా పోయి గేటు మూశాడు. "పైవాళ్లు చూస్తే ఏమంటారో మేడం!" సుజన తనిఖీ రిజిస్టరు లాక్కొని పచ్చ ఇంకుతో రాసింది: "హాజరు పది. ఆవరణలో గొర్రెపిల్లలు నాలుగు, నా అనుమతితో." సంతకం చేసి ముద్ర కొట్టింది. "చూడాలనే రాసినాను సార్."