కింది వరుసలో ఎనిమిదో మెట్టు

నాలుగో ఏట అమ్మవారు పోసి నాకు చూపు పోయింది. బడికి పంపలేదు కాబట్టి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంటి నుంచి బావికి నూట పన్నెండు అడుగులు. లెక్క తెలిస్తే గోడ పట్టుకోకుండా నడవవచ్చు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి మొదలై బడులు మూతపడ్డప్పుడు, జనగామ బడిలో పనిచేసే మా వాడకట్టు సారు తన హార్మోనియం పట్టుకొని ఊరికొచ్చాడు. మాది నర్సింహులపేట పక్క ఊరు. పొద్దుపోక నన్ను పిలిచి నేర్పసాగాడు. నా వేలిని హార్మోనియం మెట్లలో ఒకదాని మీద పెట్టి, ఇది 'స' అన్నాడు. ఆయన లోపలికి వెళ్లాక కింది వరుసను ఎడమ చివర నుంచి లెక్కపెట్టాను. ఎనిమిదోది. తొమ్మిది నెలల్లో పదకొండు పాటలు వచ్చాయి.

మరుసటి శ్రీరామనవమి కళ్యాణానికి భజన బృందంతో వాయించమన్నాడు. అంతవరకు వాళ్లు నాకు చిడతలే ఇచ్చేవాళ్లు. పందిట్లో బృందం వాళ్ల హార్మోనియం పెట్టె ఉంది. ఎనిమిది లెక్కపెట్టి మొదలుపెట్టాను. స, రి, గ బాగానే పలికాయి. మ దగ్గర పాట చెడింది. శ్రుతి అందక పాడేవాళ్లు ఆగిపోయారు. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. మళ్లీ అదే తప్పు.

"గా పిలగానికి చిడతలియ్యిండ్రి. పెట్టె నువ్వందుకో సారూ, యాళ్లయితాంది," అన్నాడు భజన పెద్ద.

ఇప్పుడు పోతే పెట్టె మళ్లీ నా చేతికి రాదని నాకు తెలుసు.

సారు నా పక్కన కూర్చొని, 'స' ఎట్లా పట్టుకుంటున్నావని మెల్లగా అడిగాడు. చెప్పాను.

"ఎనిమిదోది మా ఇంటి పెట్టెల, బిడ్డా. దీంట్ల మెట్లు వేరే కాడికెళ్లి షురువైతయి. తప్పు నాది, నేను చెప్పలే."

నా వేళ్లను పై వరుస మీద నడిపించాడు. ఎత్తు మెట్లు ఒకచోట రెండు, తర్వాత మూడు, మళ్లీ రెండు.

"గీ రెండిట్ల మొదటిదానికి ఎడమదిక్కు ఆనుకొని ఉన్నదే స. ఏ పెట్టెలనన్న గంతే."

భజన పెద్ద గొణుగుతూనే ఉన్నాడు. "జర ఆగు పెద్దనాయినా," అని సారు కదలకుండా కూర్చున్నాడు. నేను తడిమాను. ఈ పెట్టెలో ఐదోది. ఈసారి మ సరిగ్గా పలికింది. తలంబ్రాలు అయ్యేదాకా పెట్టె నా ముందే ఉంది.

ఆ తర్వాత పదేళ్లకు పైగా మహబూబాబాద్ నుంచి ఘనపూర్ దాకా ఎవరి పెట్టె ఇచ్చినా వాయించాను. కళ్లు లేని పిల్లవాడు, ఇంతే వస్తుందని ఆ రోజు ఆయన అని ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. అంతమందిలో తప్పు తన మీద వేసుకున్నాడు. లెక్క ప్రకారం అందులో సగం నాది, నేనూ అడగలేదు. ఆ మాట ఆయనతో చెప్పేసరికి పంతొమ్మిది వందల ఎనభైల్లోకి వచ్చాం. ఆయన ఒప్పుకోలేదు.