ఎస్ ముందు పెట్టిన కామా

హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా వస్తున్న రోజుల్లో కృష్ణానగర్‌లో గది తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాణ్ణి. ఎం.ఏ. చదివి సినిమాలకు మాటలు రాద్దామని వచ్చాను. నా మాటలు లేకుండానే సినిమాలు ఆడుతున్నాయని కొంత ఆలస్యంగా తెలిసింది.

కింది వాటాలో అక్కాచెల్లెళ్లిద్దరు గ్రూపు డాన్సర్లకు బట్టలు కుట్టేవాళ్లు. జూబ్లీ హిల్స్‌లో ఒక మడిగె, చిన్న దుకాణం గది, దొరకడంతో ఇకమీదట ఆఫీసు అమ్మాయిలకు కుడదామనుకున్నారు. బోర్డు మీదికి ఇంగ్లీషు పేరు రాసిమ్మని అక్క అడిగింది. 'సిస్టర్స్ టైలరింగ్' అని రాసి, అందంగా ఉంటుందని చివరి ఎస్‌కు ముందు, పైన ఒక కామా పెట్టాను. ఎం.ఏ. వాడి కామా కదా, పెయింటరు దాన్ని ఎర్రరంగులో కాస్త పెద్దగానే దించాడు.

కస్టమర్లతో మాట్లాడటం రావాలని చెల్లెలు నా క్లాసులో చేరింది. "ఒక లేడీస్ వచ్చింది సార్" అనేది. ఒక్కరే వస్తే లేడీ అనాలని నేర్పాను. మర్నాడు పైకామా పాఠం. ఎస్‌కు ముందుంటే ఒక్కరిది, తర్వాత ఉంటే ఎక్కువమందిది అన్నాను. ఆమె రాయడం ఆపింది.

"సార్, మా బోర్డు మీద ముందే ఉన్నది గదా?"

తప్పు నాదే అంటే సరిపోయేది. క్లాసు నిండా జనం ఉన్నారు. "అయితే దుకాణం ఒక్కరిదే. ఆ ఒక్కరు ఎవరో ఇంటికెళ్లి తేల్చుకోండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

మడిగె కిరాయి కాగితం అక్క ఒక్కదాని పేరు మీదే ఉందని నాకు తెలియదు. చెల్లెలి మనసులో ఆ ముల్లు అప్పటికే ఉంది. నా జోకు దానికి సాక్ష్యమైంది. మర్నాడు పొద్దున్నే అక్క మెడలో టేపుతోనే మెట్లెక్కి వచ్చింది.

"గా చుక్క తెలిసే పెట్టిన్రా సార్?"

"లేదండీ, పొరపాటు."

"గా ముక్క దానికి చెప్పుండ్రి. మీరు చదువుకున్నోళ్లని నమ్మింది. నేను చెప్తే నమ్ముతలేదు."

క్లాసుకు వచ్చినప్పుడు చెబుతానన్నాను. పదిమందిలో కాకుండా, పక్కకు పిలిచి చెప్పాలని కూడా అనుకున్నాను. నా పరువు గురించి నాకు అంత శ్రద్ధ. చెల్లెలు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ వారంలోనే తన కుట్టుమిషను ఆటోలో వేసుకుని రహమత్ నగర్‌కు మారిపోయింది. నడిచి వెళ్లేంత దూరమే. నేను వెళ్లలేదు. రేపు వెళ్దామనుకున్న రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

కొన్నాళ్లకు అక్క నన్ను మడిగె దగ్గరికి పిలిచింది. పెయింటరుతో కామా చెరిపించి ఎస్ తర్వాత పెట్టించింది. పాత ఎర్రమరక తెల్లరంగు కింద ఇంకా కనిపిస్తోంది.

"ఇప్పుడు సరిగ్గున్నదా సార్?"

లోపల ఒకటే మిషను ఉంది. రెండోది ఉండేచోట స్టూలు ఒకటి వేసి ఉంది.

సరిగ్గానే ఉందండీ, అన్నాను.